ఒక పాఠం ముందు

జూన్ 8, ఆదివారం
బందరు నుంచి తిరుగు బస్సు. శేషు బావని తిట్టుకుంటూ కూర్చున్నాను. "సంస్కృతం వచ్చినవాడికి లాటిన్ ఓ లెక్కా అండీ? మా బావమరిది చూసుకుంటాడు" అని మిల్లు ప్రసాద్ గారికి మాటిచ్చింది ఆయన. తలూపింది నేను. ప్రసాద్ గారమ్మాయి మేఘన లండన్‌లో మొదలుపెట్టిన చదువు... అందులో లాటిన్ ఒకటి. ఇప్పుడు బందరు నుంచే ఆ పరీక్ష రాయాలట. వారమంతా గుడివాడ స్కూల్లో సంస్కృతం చెప్పుకుంటూ నేనొక లాటిన్ పాఠం నేర్చుకోవడం, ఆదివారం బందరు వెళ్లి ఆ పిల్లకి చెప్పడం. మూడో నెల ఇది.

జూన్ 11
ఈ వారం పాఠం సబ్జంక్టివ్ అనే క్రియారూపం. చూడగానే ప్రాణం లేచొచ్చింది — సంస్కృతంలో దీవెనలకి వాడే మన ఆశీర్లిఙ్ కదా! అగుగాక, కలుగుగాక. పుస్తకం మూసేశాను.

జూన్ 15, ఆదివారం
చెప్పేశాను, మహా ధీమాగా. మేఘన ఓసారి నా వంక చూసి, రాసుకుంది.

జూన్ 22, ఆదివారం
మేఘన రాసిన మోడల్ పరీక్ష పేపరు లండన్ నుంచి దిద్ది పంపారు. ఇరవైకి నాలుగు. లాటిన్ వాక్యాలకి అర్థం రాసింది ఇంగ్లీషులోనే, భావం మాత్రం నాది. 'రాజును చూడడానికి దూత వచ్చాడు' అనాల్సిన చోట — 'దూత వచ్చాడు, రాజును చూచుగాక!' 'శత్రువులు వస్తారేమోనని భయం' అన్నచోట శత్రువులకీ ఆశీర్వాదమే. నవ్వొచ్చింది. వెంటనే పుస్తకం తెరిచాను. కోరికకీ, ఉద్దేశానికీ, భయానికీ అదే రూపమట, చుట్టూ ఉన్న మాటలు చూసి తేల్చుకోవాలట. తర్వాతి పేజీలోనే ఉంది. ఆ రోజు నేను తిప్పలేదు.

జూన్ 29, ఆదివారం
ఒప్పేసుకుందామనే వెళ్లాను. ముందు మేఘనతో — "అమ్మా, నిజానికి నాకు లాటిన్..."
"తెలుసు మాస్టారూ. రెండో వారమే తెలిసిపోయింది."
"మరి నాన్నగారికి చెప్పలేదేం?"
"చెప్తే మిమ్మల్ని మానిపించి నన్ను హాస్టల్లో పడేస్తారు. ముందే అన్నారు. మీరూ చెప్పకండి, ప్లీజ్."
పదిహేనేళ్ల పిల్ల. ఇన్నాళ్లూ నా పరువు కాపాడుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

జూలై 2
స్టాఫ్ రూములో రోజూ లాటిన్ వాక్యాలతోనే కుస్తీ. పది వాక్యాలకి ఆరు కుదురుతున్నాయి. ఆరు చాలవు.

జూలై 4
బావకి ఫోను. "ఇప్పుడు రాదంటే నా పరువేం కానురా? ఎలాగోలా లాగించెయ్."

జూలై 6, ఆదివారం
ప్రసాద్ గారు గుమ్మంలోనే ఎదురయ్యారు, చేతిలో కాగితం. "పరీక్షకి పేరివ్వడానికి రేపే ఆఖరు మాస్టారూ. అమ్మాయి సిద్ధంగా ఉందని మీరు సంతకం పెట్టాలట. మీ మాట మీదే పంపుతున్నా."
కళ్లజోడు మర్చిపోయానండీ, ఇంటి దగ్గర చదివి సంతకం పెట్టి రేపు పొద్దున్నే తెస్తాను — అన్నాను. ఎంత సులువుగా వచ్చింది అబద్ధం...
ఇప్పుడు కాగితం ఇంట్లో నా బల్ల మీద ఉంది. సంతకం పెడితే పిల్ల ఏడాది పాడుచేసినవాణ్ణవుతాను. పెట్టకపోతే, ఎందుకో చెప్పాలి.
ఇంతలో మేఘన మెసేజ్ — 'మీ జేబులో కళ్లజోడు చూశాను మాస్టారూ. నాన్నతో అనలేదు. పెట్టేయండి, నేనే ఎలాగో చదువుకుంటాను.'
గంటైంది. సంతకం పెట్టని కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, రేపు బందరు వెళ్లే మొదటి బస్సు ఎన్నింటికో చూశాను.