ఆటలోకి వెళ్లిన మా ఊరి వంతులు

గురువారం, రాత్రి

ఆన్‌లైన్ ఆటలో మా జట్టు, అదే మా గిల్డ్, ఈరోజు విడిపోవలసింది. ఆటలో దయ్యాల రేవు దగ్గర దొరికే ముత్యాల కోసం బ్రెజిల్ లారా, పోలండ్ మారెక్ వారం నుంచి పోట్లాడుకుంటున్నారు. సాయంత్రం మారెక్ ఇక వెళ్లిపోతానన్నాడు.

అప్పుడు చాట్‌లో మా ఊరి పద్ధతి రాశాను. సరస్సులో మంచి చోట వల వేయడానికి మావాళ్లు చీట్లు తీసి వంతులు వేసుకుంటారు, ఒకరి రోజున ఇంకొకరు అటు వెళ్లరు, ఎంత న్యాయమో చూడండి అని. అందరికీ నచ్చింది. చీట్లు తీస్తే మొదటి వంతు నాకే వచ్చింది. మారెక్ ఉండిపోయాడు.

లారా అడిగింది, "మరి మీ ఊళ్లో నీ వంతు ఎప్పుడు?"

తర్వాత చెప్తానన్నాను. అన్నం తినేటప్పుడు నాన్నను అడిగాను, చీట్లలో నా పేరు వేస్తారా అని.

"పెళ్లైన మగోళ్లకే గదమ్మా వంతు. డిగ్రీ చదివినావు, నీకెందుకు వల?"

"రొయ్యలు ఏరేదీ మేమే, అమ్మేదీ మేమే. ఆ పనికి మాత్రం వంతుల్లేవు" అంది అమ్మ, పులుసు వడ్డిస్తూ.

నాన్న నవ్వాడు. "పెద్దోళ్లని అడగాల" అన్నాడు. అడుగుతానని మాత్రం అనలేదు.

లారాకి "ఇంకా రాలేదు" అని పంపాను. వచ్చిన రోజు ఫొటో పెట్టమంది. అబద్ధం చెప్పినట్టూ లేదు, నిజం చెప్పినట్టూ లేదు. నాన్న అడగకపోతే, నేనే వెళ్లి పెద్దలను అడుగుతాను.