వదినకి మాత్రమే చెప్పాను

ఏప్రిల్ 11

మనసు బాగుపడింది, ఒళ్లు చెడింది. టాబ్లెట్ మొదలుపెట్టాక ఏడుపు ఆగింది, పొద్దున్నే లేవగలుగుతున్నాను. కానీ కళ్లలోంచి పోవాల్సిన నీళ్లన్నీ ఇప్పుడు ముఖం మీంచి, మెడ మీంచి కారుతున్నాయి.

హోటల్ లాండ్రీలో నాది రోలర్ పని. ఉతికిన దుప్పటిని ఇద్దరం చెరో కొస పట్టుకుని ఇస్త్రీ చేసే వేడి రోలర్‌లోకి పంపాలి. ఇవాళ నా గడ్డం మీది చెమట దుప్పటి మీద పడి, అలాగే లోపలికి పోయి మచ్చ తేలింది. ఇంకోసారి ఇలా చేస్తే రోలర్ మాట మర్చిపొమ్మన్నాడు సూపర్‌వైజర్.

ఏప్రిల్ 12

అవతలి కొస పట్టుకునేది వదిన. చుట్టరికం ఏమీ లేదు, ఏళ్ల తరబడి ఎదురెదురుగా నిలబడి వరస కలిపేసుకున్నాం. బాత్‌రూమ్ దగ్గర ఆపి ఏమైందే నీకు అని నిలదీసింది. చెప్పేశాను. డిప్రెషన్ అన్నాను. ఆ మాట పొక్కితే పిచ్చిదాన్నని ముద్ర వేస్తారు, వేడి మెషిన్ దగ్గర నిలబడనివ్వరు, ఎవరికీ చెప్పకన్నాను. కడుపులో దాచుకుంటాను, కన్నతల్లికి కూడా చెప్పను అంది వదిన.

ఎంత తేలికైపోయానో.

ఏప్రిల్ 27

చెమట భరించలేనంటే డాక్టరు మందు మార్చాడు. ఇది పాత రకమట, నోరెండిపోతుందట, వేడిలో జాగ్రత్తగా ఉండాలట. వేడి నాకేం కొత్త అనుకున్నాను. కొత్త టాబ్లెట్ పేరు, మోతాదు వదినకి చెప్పాను.

మే 9

చుక్క చెమట లేదు. అందరూ తడిసి ముద్దవుతుంటే నేను పెళ్లికి బయల్దేరినదానిలా పొడిగా ఉన్నాను.

సూపర్‌వైజర్ ఈమధ్య నాతో పసిపిల్లతో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడుతున్నాడు. మడతల దగ్గర కూర్చునే పొట్టామె నవ్వుతూ ఉండమ్మా అంటుంది. నా పని నచ్చిందేమో.

మే 10

దాహం. తలనొప్పి. చెమట మాత్రం లేదు, అదే పదివేలు.

మే 14

నిన్న ఆస్పత్రి నుంచి వచ్చాను. రోలర్ దగ్గరే పడిపోయానట. ఒళ్లు పెనంలా కాలిపోతోందట, చర్మం మాత్రం పొడిగా ఉందట. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోయేదెలా అన్నాడు డాక్టరు. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్న చెమటే నన్ను కాపాడుతూ వచ్చిందన్నమాట.

నాకు బాగా గుర్తున్నది ఒక్కటే. ఐసు గుడ్డలు వేస్తూ నర్సు, ఈమె మందులేమైనా వాడుతుందా అని అడిగింది. వదిన ఇంకా నోరు తెరవలేదు. టాబ్లెట్ పేరు పొట్టామె చెప్పింది. మోతాదు నన్ను ఆస్పత్రికి తెచ్చిన లాండ్రీ వ్యాను డ్రైవరు చెప్పాడు. దేనికి వాడుతున్నానో సూపర్‌వైజర్ చెప్పాడు.

అందరికీ తెలిసిన రహస్యాన్ని నేనొక్కదాన్నే పిచ్చిదానిలా మోశాను.

వాళ్లు చెప్పబట్టే డాక్టర్లు ఇది మందు వల్లేనని త్వరగా తేల్చారు, బతికాను. తెలుసు. అయినా వదిన నన్ను నమ్మించి గొంతు కోసింది. రెండూ నిజమే.

మే 20

మళ్లీ మొదటి టాబ్లెటే ఇచ్చారు, మోతాదు తగ్గించి. సొంతంగా మానేయొద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు. చెమట మళ్లీ మొదలైంది. నన్ను రోలర్ నుంచి తీసి చల్లటి స్టోర్‌లో కూర్చోబెట్టారు. దిండు గలీబులు సర్దే పని. నా మంచికేనట. రోలర్ దగ్గర నా కొస ఇప్పుడు పొట్టామె పట్టుకుంటోంది.

మే 28

వదిన ఇంటికి వచ్చింది. క్షమించమంటుందని తలుపు తీశాను. పొట్టామెకి ఒక్కదానికే చెప్పానే, నీ మంచి కోరే చెప్పాను అంది. పొట్టామె కూడా ఒక్కరికే చెప్పి ఉంటుంది, అందులో అనుమానం లేదు.

తర్వాత సంచి తాడు మెలిపెట్టడం మొదలుపెట్టింది. నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది, ఆ డాక్టరు ఎక్కడుంటాడే అని అడిగింది. అడ్రసు చెప్పాను. వెళ్తూ గడప దగ్గర ఆగి, ఎవరికీ చెప్పకే, పరువు పోతుంది అంది.

జూన్ 3

వదిన పనికి రాలేదు. ఏమైందని ఒకరి తర్వాత ఒకరు స్టోర్‌కి వచ్చి నన్నే అడిగారు. నోటిదాకా వచ్చింది. లేచి, మంచినీళ్లు తాగి, నాకేం తెలుసన్నాను.