నేను రాయని పేరు

ద హేగ్,
మార్చి 4

యాన్టినె అక్కా,

అక్షరాలు కుదరకపోతే తిట్టకు. నాకు భయంగా ఉందే.

నేను తీర్పు చెప్పే మధ్యవర్తిగా కూర్చున్న రాగి గని కేసు నీకు తెలుసుగా. ఒకవైపు విదేశీ కంపెనీ, ఇంకోవైపు దాని గనిని లాక్కున్న దేశం. మూడేళ్ళ క్రితం కేసు ఒప్పుకునేటప్పుడు, ఈ ఇద్దరితో నాకు ఏ పాత సంబంధమూ లేదని రాసి సంతకం పెట్టాను. నిజమనుకునే పెట్టాను. పది రోజుల క్రితం విచారణలో ఒక సాక్షి ఏదో పాత కాగితం చూపించాడు. దాని నెత్తిన నీలం కొంగ బొమ్మ! పన్నెండేళ్ళ క్రితం, లాయరుగా ఉన్నప్పుడు, ఆ కొంగ బొమ్మ కంపెనీకి నాలుగు పేజీల సలహా రాసిచ్చాను. ఈ కేసులో ఉన్నది వాళ్ళే, తర్వాత పేరు మార్చుకున్నారు. సంతకం పెట్టేముందు నేను నా పాత ఫైళ్ళలో కొత్త పేరొక్కటే వెతికి ఊరుకున్నాను.

విరామంలో లిఫ్ట్ ఎక్కబోతే లోపల దేశం తరఫు లాయరు ఒటిలియా ఒక్కతే ఉంది. నన్ను చూడగానే బయటికొచ్చేసింది. "మీరెళ్ళండి మేడం. మీతో ఒక్కదాన్నే ఎక్కితే, కేసు గురించి చాటుగా మాట్లాడానని కంపెనీవాళ్ళు నా పీక పట్టుకుంటారు!" అంటూ నవ్వింది. అంత చిన్నదానికి ఆమెకి అంత జాగ్రత్త. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

మా ఆయనకి చెప్తే, బఠాణీ సూప్ కలుపుతూ, "నాలుగు పేజీలకి ఇంత గోలేంటే? ఎవడికి గుర్తుంటుంది, నోరు మూసుకో" అన్నాడు. మూసుకునే ఉన్నాను. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. చెప్తే నన్ను తీసేస్తారు, ఇంకెవరూ పిలవరు. చెప్పకపోతే, తర్వాత బయటపడితే, తీర్పే కొట్టుకుపోతుంది. ఏం చెయ్యనే?

నీ పిరికి చెల్లి,
ఫెమ్కే

మార్చి 19

అక్కా,

నువ్వు ఫోన్లో "చెప్పెయ్యవే పిచ్చిదానా" అని అరిచాక ఇద్దరికీ రాసి పంపేశాను. కంపెనీ సరేనంది. ఒటిలియా రెండే ముక్కలు రాసింది: "మాకు రెండేళ్ళుగా తెలుసు. అభ్యంతరం లేదు."

తెలుసట! లిఫ్ట్ దగ్గర నవ్విన రోజు కూడా తెలుసు. ఓడిపోతే బయటికి తీద్దామని దాచుకున్నారో ఏమో. మా ఆయన మాత్రం ఎగిరి గంతేశాడు. "చూశావా, గండం గడిచింది! ఇక హాయిగా తీర్పు రాసుకో."

రాసుకుందామనే నా చిత్తుప్రతి తీశాను. కొంగని చూడక ముందు, కంపెనీకి పరిహారం ఇవ్వాలని రాసుకున్నాను. చూశాక అదంతా కొట్టేసి, న్యాయం దేశానిదేనని తిప్పి రాశాను. మధ్యలో తీర్పు మార్చేంత కొత్త సాక్ష్యం ఒక్కటీ రాలేదు. రేపు నన్ను కంపెనీ మనిషి అంటారేమోనన్న భయం తప్ప ఏమీ రాలేదు. పాత ఫీజు నన్ను కంపెనీ వైపు లాగలేదక్కా, భయం దేశం వైపు లాగింది. ఇప్పుడు మళ్ళీ కంపెనీ వైపు దిద్దినా, అది న్యాయమో ఈ సిగ్గో నాకే తెలియదు.

అందరూ ఉండమన్నారు. నేనే తప్పుకుంటున్నానని ఇవాళ పొద్దున రాసిచ్చేశాను. ఈసారి కారణం కూడా దాచలేదు.

శనివారం రైలుకి వస్తున్నాను. నన్నేమీ అడక్కు, కాసేపు పక్కన కూర్చో.

ఫెమ్కే