అమ్మ తెచ్చిన చామంతి

పుదుచ్చేరి, కార్తీక శనివారం రాత్రి

మా ఆముదం కొనేవాళ్ళు తగ్గిపోయినారని, ఈ రోజు నేనూ అంగట్లో అమెరికా కిరసనాయిలు డబ్బాలు దించినాను. సాయంత్రం ఆముదం ప్రమిదకు బదులు, ఆ కిరసనాయిలు పోసిన అద్దం దీపమే వెలిగించినాను. పట్టపగల్లా వెలుగు!

అంగడి మూసే వేళకు అమ్మ అలవాటుగా చామంతి పువ్వు తెచ్చింది. నాయన గానుగ ఆడించిన రోజుల్లో ఆముదం దీపాన్ని పువ్వుతోనే కొండెక్కించేది, నోటితో ఊదనిచ్చేది కాదు. ఆ పువ్వు పట్టుకునేది నేనంటే నేనని పిల్లలం కొట్టుకునేవాళ్ళం.

ఈ రోజు అమ్మ అద్దం చుట్టూ చూసి, “పువ్వు యాడ పెట్టాలరా?” అనింది.

“వత్తి మర తిప్పితే ఆరిపోద్దిలేమ్మా” అనేసినాను.

దీపం ఆరిపోద్దని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అనలేదు, కొండెక్కుద్దనే అనేవాళ్ళం. అమ్మ పువ్వును దీపం పక్కన పెట్టి, లోపలికి పోయింది.

రాయడం అయింది. ఇంక మర తిప్పాల. చెయ్యి మాత్రం పువ్వు దగ్గరికే పోతోంది.