చొక్కా జేబులో రిమోట్

ప్రియమైన అక్కకి,

నా నడుం నొప్పికి ఆపరేషన్ బాగానే జరిగింది. పొట్ట పక్కన చర్మం కింద అరచేతిలో పట్టేంత పంపు పెట్టారు. దాన్నుంచి సన్నటి గొట్టం వెన్నులోకి వెళ్లి మందు చుక్క చుక్కగా వదులుతుంది. నొప్పి మరీ ఎక్కువైతే చిన్న రిమోట్ పొట్ట మీద ఆనించి నొక్కితే ఇంకాస్త మందు వస్తుంది. ఇన్నేళ్లూ నా మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేసుకున్న నీ మరిదిగారి పెత్తనం ఇక తీరిందనుకున్నాను. నర్సు రిమోట్ నా చేతికిస్తుంటే ఆయన మధ్యలో అందుకుని చొక్కా జేబులో వేసుకున్నారు. "మా ఆవిడకి మతిమరుపండీ, నేను చూసుకుంటా" అన్నారు. "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అంది నర్సు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చాక మళ్లీ పాత పాటే. గది తలుపేశాక నేను పళ్లు బిగబట్టి అడగాలి. "మా బళ్లో పిల్లలు నయం. అడిగే పద్ధతిలో అడుగు, ఆలోచించి చెప్తా" అంటారు ఈ హెడ్మాస్టరు. కూరలో ఉప్పు తక్కువైన రోజు ఆ ఆలోచన ఎంతకీ తెమలదు. మా అత్తగారేమో "నా కొడుకు పెళ్లాన్ని కంటికి రెప్పలా చూసుకుంటాడు" అని ఇరుగుపొరుగుకి చెప్పి మురిసిపోతారు.

వచ్చి తీసుకెళ్తానన్నావు. ఇప్పుడే వద్దక్కా. ఊరికే వచ్చేస్తే నా కసి తీరదు. కొడుకు ఎలాంటివాడో ఆవిడ కళ్లారా చూడాలి.

నీ చిట్టి


శ్రీవారికి,

ఈ ఉత్తరం మీకు అందేసరికి నేను అక్క ఇంట్లో ఉంటాను. ఒక సంగతి చెప్పాలి. పోయిన నెల చెకప్‌లో మిమ్మల్ని బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ నన్ను అడిగింది: "ఇంత నొప్పి అంటున్నారు, రిమోట్ పెద్దగా నొక్కినట్టే లేదేంటమ్మా?" పంపు అన్నీ గుర్తుపెట్టుకుంటుందట. నేను మొత్తం కక్కేశాను. ఆవిడ అక్కడికక్కడే పంపులో మందు నాకు సరిపడా పెంచి, రిమోట్ పనిచేయకుండా ఆపేసింది. అప్పట్నుంచి నాకు చెప్పుకోదగ్గ నొప్పి లేదు. మీరు దయతలచి నొక్కినప్పుడల్లా రిమోట్ తెర మీద పనిచేయదనే వచ్చేది. కళ్లజోడు పెట్టుకోవడం మీకు నామోషీ కదా, చదవలేదు. నా మూలుగులన్నీ నాటకం. అబ్బ, ఎంత బాగా ఏడ్చానో!

నిన్న మనింటికి టీకి వచ్చిన మీ టీచర్లందరి ముందు, మీ అమ్మగారు చూస్తుండగా అడిగిందీ ఆ నాటకంలో భాగమే. నేను కింద కూలబడి "ఒక్కసారి నొక్కండి" అని చేతులు జోడిస్తే, మీరు టీ తాగుతూ "ఆలోచించి చెప్తా" అని నవ్వారు. మీతోపాటు ఎవరూ నవ్వలేదు. మీ అమ్మగారు మీకని తెచ్చిన రెండో కప్పు ట్రేతో సహా వెనక్కి తీసుకెళ్లడం మీరు చూడలేదు, నేను చూశాను. అందరూ వెళ్లాక ఆవిడ నా పక్కన కూర్చుని "ఎన్నాళ్ల నుంచమ్మా ఇలా?" అన్నారు. అంతా చెప్పాను, నాటకం సంగతితో సహా.

రిమోట్ మీరే ఉంచుకోండి, జేబుకి అలవాటైపోయింది. వంటింట్లో అమ్మగారి కోసం వెతక్కండి. ఆవిడా నాతోనే వస్తున్నారు. చూడాలనిపిస్తే రండి. గుమ్మం బయట నిలబడి, అడిగే పద్ధతిలో అడగండి. మీ అమ్మగారు ఆలోచించి చెప్తారట.

ఇక మిమ్మల్ని ఏదీ అడగక్కర్లేని,
మీ ఆవిడ