ల్యాండ్‌మాస్టర్ ఎనుక అద్దం

ఎడపల్లి,
12 సెప్టెంబర్ 1988

తుకారాం బావకు, రాజనర్సు దండం.

అక్క, నువ్వు మంచిగున్నరనుకుంట. మేమైతే తడుస్తున్నం.

బాపు పోయి మూడేండ్లాయె. ఆయన ల్యాండ్‌మాస్టర్ కారు మాత్రం నన్ను ఇడుస్తలేదు. ఎనుక కిటికి రబ్బరు కుళ్ళి, వాన లోపటికి దిగుతున్నది. రబ్బరు కింద రేకు తుప్పు పట్టింది. వెల్డింగాయన వచ్చి చూసి, "ముందుగాల ఎనుక అద్దం తీయి, లేకుంటె సెగకు పలుగుతది" అని చాయ తాగి పోయిండు. గసోంటి అద్దం ఇప్పుడు యాడ దొరకదట. అద్దం పలిగితె నా వీపు పలుగుతదని అవ్వ కట్టె పట్టుకోని కారు పక్కకే కూసున్నది. మీ ఇంటి పక్కకు రామ్‌దాస్ గ్యారేజి ఉన్నది గద, పొద్దుగూకులు ఆడనే కూసుంటవని అక్క చెప్పింది. అద్దం పలగకుండ ఎట్ల తీయాలెనో అడిగి రాయి.

నీ బామ్మర్ది,
రాజనర్సు

తా.క. జల్ది రాయి. ఎనుక సీట్ల కప్ప కాపురం పెట్టింది. తోలితే మల్ల వస్తది, సామాను మర్చిపోయినట్టు.


గాజుల్‌పేట, నిజామాబాద్,
17 సెప్టెంబర్

బామ్మర్దికి బావ ఆశీస్సులు.

నీ ఉత్తరం వానల నాని వచ్చింది. సగం అక్షరాలు అలుక్కపోయినయ్. "ఎనుక అద్దం తీయి" అన్నది ఒక్కటి మంచిగ కనబడ్డది. గింత దానికి ఉత్తరమెందుకయ్యా? స్టీరింగు కాడ కూసోని పైకి చూస్తె రెండు స్క్రూలుంటయ్. ఇప్పు. చేతిలకొస్తది. రుమాల్ల చుట్టి జేబుల వెట్టుకో.

రామ్‌దాస్‌ను అడగలే. గిది గూడ అడుగుతె నవ్వుతడు.

బావ,
తుకారాం

తా.క. జేబుల వెట్టుకోని కూసోకు.


ఎడపల్లి,
22 సెప్టెంబర్

బావకు దండం.

నువ్వు పెద్దోనివి, చెప్పినట్టె చేసిన. రెండు స్క్రూలు ఇప్పితె మొఖం చూసుకునే అద్దం వచ్చింది. నేనడిగింది అది కాదు బావా. ఎనుక కిటికి అద్దం! చాట కంటె పెద్దగుంటది, వాన కారేది దాని చుట్టే. నా జేబుల ఎట్ల పడుతది?

ఊడిన స్క్రూలల్ల ఒకటి సీటు సందుల పడ్డది. చెయ్యి పెడితె కప్ప తగిలింది. ఇగ ఉండనీ అన్న. నాకు ఓపిక లేదు. ఈసారి రామ్‌దాస్‌నే అడుగు. నవ్వితె నవ్వనీ.

రాజనర్సు

తా.క. ఆ చిన్నద్దం అవ్వ గూట్ల వెట్టుకున్నది. తల దువ్వుకుంటున్నది. అడిగితె, "ఇన్నేండ్లకు కారుతోని నాకొక లాభమయ్యింది" అంటున్నది.


నిజామాబాద్,
28 సెప్టెంబర్

రాజనర్సుకు బావ రాసేది.

రామ్‌దాస్ నవ్విండు. నవ్వి నవ్వి చెప్పిండు. చెవి పెట్టి ఇను, నేను మల్ల మల్ల రాయలేను.

రబ్బరుకు సబ్బునీళ్ళు పట్టియ్యి, నాననియ్యి. స్క్రూ డ్రైవరు పెట్టకు, పలుగుతది. చెక్క గరిటె పిడితోని లోపటి నుంచి రబ్బరు అంచు మెల్లగ లేపు. అటెంక ఎనుక సీట్ల ఎల్లెల్కల పండుకోని, పాదాలకు బట్ట చుట్టుకోని, అద్దం పైమూలకు ఆనిచ్చి నూకు. బయట ఇద్దరు గొంగడి పట్టుకోని నిలబడాలె. నూకేముందు వాళ్ళకు గట్టిగ చెప్పు, లేకుంటె అద్దం భూమ్మీదికే.

తుకారాం

తా.క. మా అత్తమ్మను కట్టె పక్కకు పెట్టమను. పనిచేసేటోనికి భయముండద్దు.


ఎడపల్లి,
5 అక్టోబర్

బావకు,

పండుకోని రాస్తున్న. అక్షరాలు వంకర పోతె ఏమనుకోకు.

అన్ని నువ్వు చెప్పినట్టె చేసిన. బయట మా పక్కిండ్ల పోశన్నను, లింబాద్రిని నిలబెట్టిన. కాళ్ళు అద్దానికి ఆనిచ్చి గట్టిగ "నూకుతున్నా!" అన్న. కిటికీలన్ని మూసి ఉన్నయ్. వాళ్ళకు "నూకుండ్రి" అని ఇనబడ్డదట. గొంగడి పారేసి ఇద్దరు కలిసి కారును నూకిండ్రు.

మా వాకిలి ముందట దిగుడు నీకెరుకే. హ్యాండుబ్రేకు బాపు ఉన్నప్పటి నుంచే లేదు. నేను కాళ్ళు పైకి పెట్టుకోని, ఆకాశం చూసుకుంట, పోశన్న చెరుకు తోటలకు పోయిన. చెరుకు నిలువెత్తున ఉన్నది గద, కారు మునిగిపోయింది. "రాజనర్సూ, యాడున్నవయ్యా?" అని వాళ్ళిద్దరు నన్ను తోటల దేవులాడిండ్రు. ఎడ్లు కట్టి గుంజినం.

అద్దం పలగలే. ఊడలే గూడ. నా నడుమే పట్టుకున్నది.

రాజనర్సు

తా.క. పోశన్న ఎవ్వరిని తిట్టలేకపోతున్నడు. చెరుకు ఆయనదే, నూకింది ఆయనే.


నిజామాబాద్,
14 అక్టోబర్

రాజనర్సుకు,

నీ ఉత్తరం సదివి మీ అక్క ముందుగాల ఏడ్చింది, తరువాత నవ్వింది, అటెంక నన్ను తిట్టింది. ఇగ నూకుడు బంద్.

రామ్‌దాస్ అంటడు, రబ్బరు కుళ్ళిందంటె దాన్ని కాపాడుడెందుకు? గడ్డం గీసుకునే బ్లేడుతోని బయటి అంచు చుట్టూ కోసెయ్యి. అద్దం తానే వదులైతది. టైర్ల కింద రాళ్ళు పెట్టు. కొత్త రబ్బరు కోసం నేను హైద్రాబాద్ పోయి, పుత్లీబౌలిల పాత కార్ల సామాన్ల దుకాండ్లన్ని తిరిగి, కాళ్ళు వాసి, తెచ్చిన. వచ్చే ఐతారం పట్టుకోని వస్త.

తుకారాం

తా.క. బస్సుల రబ్బరు మెడకేసుకోని కూసున్న. కండక్టరు నన్ను పాములోడనుకున్నడు.


ఎడపల్లి,
20 అక్టోబర్

బావకు వెయ్యి దండాలు.

అద్దం వచ్చింది! బ్లేడుతోని కోస్తె, మొక్కజొన్న కంకి పొట్టు ఇప్పినట్టు వచ్చింది. ఒక్క గీత పడలే. గొంగట్ల చుట్టి మంచం కింద పెట్టిన. వెల్డింగు గూడ అయిపోయింది.

అయితె ఇంకో సంగతి. నిన్న బండిని చూద్దామని బయటికి తీసిన. అవ్వ చుట్టూ తిరిగి చూసి, తలుపు తీసి ఎనుక సీట్ల కూసున్నది. నేను బిత్తరపోయిన. బాపు కారు కొన్ననాడు ఒక్కసారి ఎక్కింది, అటెంక ఎన్నడు ఎక్కలే. "భయమైతది" అని ఎడ్లబండి మీదనే పోయేది.

"పోనియ్యి" అన్నది. బోధన్ దాక పోయినం. గాలికి కొంగు ఎగురుతుంటె పట్టుకోను గూడ పట్టుకోలె. అడిగితె చెప్పింది: "భయం కాదురా. అన్ని మూసుకోని ఉంటె పెట్రోలు వాసనకు కడుపుల తిప్పుతుండె. మీ బాపు నా కోసమే కొన్నడాయె. ఆ వాసన పడదని ఆయనకు ఎట్ల చెప్పుదు? ఇప్పుడు ఎనుక నుంచి గాలి కొడుతున్నది. సుకంగున్నది."

బోధన్‌ల చాయ తాగి, "ఆయన గూడ ఒక్కడే తిరిగిండు పాపం" అన్నది.

కార్తీకంల లింబాద్రి గుట్ట మీది దేవుని జాతరకు పోవాలెనట, గీ కారు మీదనే. అద్దం పెట్టద్దట. బావా, నువ్వు కాళ్ళు వాచేటట్టు తిరిగి తెచ్చిన రబ్బరు సంగతి ఆమెకు ఎట్ల చెప్పాలెనో నాకైతె తెలుస్తలేదు. ఐతారం నువ్వే చెప్పు. నేను ఆనాడు పొలం కాడ ఉంట.

నీ బామ్మర్ది,
రాజనర్సు

తా.క. అక్కను గూడ తోలుకరా. అవ్వ పక్కకు ఆమెకు జాగ ఉన్నది. వచ్చేటప్పుడు రెండు గొడుగులు తేండ్రి, వానొస్తె లోపట కూసున్నోళ్ళు పట్టుకోవాలె.