ఎదురు దోవలో వచ్చింది నేనే

పెనుకొండ డివిజన్ రోడ్డు భద్రతా కమిటీ అధికారి గారి సముఖమునకు,

హిందూపురం కాపురస్థుడు, మోటారు డ్రైవింగ్ స్కూలు నడుపుకొనుచున్న తిమ్మరాజు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రోడ్డు భద్రతా సభలో నాకు జరపదలచిన సన్మానమును రద్దు చేయుట గురించియు, ఆటో డ్రైవరు మహేశ్వరిపై తీసుకొనదలచిన చర్యను నాపైకి మళ్ళించుట గురించియు.

1. తమ కార్యాలయం వారు పంపిన ఆహ్వానము నాకు చేరినది. కొత్త బ్రిడ్జిపై ప్రమాదానికి గురైన మహిళను తక్షణమే ఆసుపత్రికి చేర్చినందులకు నన్ను ఆదర్శ పౌరుడిగా గుర్తించి శాలువాతో సత్కరింతురనియు, పిమ్మట నేను ‘కొత్త వంతెనపై పాటించవలసిన నియమములు’ అను అంశముపై ప్రసంగించవలెననియు అందులో ఉన్నది. ఆసుపత్రికి చేర్చిన మాట నిజము. ఆమె ఎందుకు పడిపోయిందో నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకొనుచున్నాను.

2. బ్రిడ్జి పరిస్థితి తమరికి తెలియనిది కాదు. రైలు గేటు దగ్గర ఎండలో నిలబడి నిలబడి విసిగిపోయిన ఊరు మాది. బ్రిడ్జి కావాలని సంతకాలు పెట్టినవారిలో నేనూ ఒకడిని. ఇప్పుడు బ్రిడ్జి వచ్చింది. నడుమ డివైడరు ఉంది. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఊరి వైపు బ్రిడ్జి మొదట్లో, దిగే దారిని ఆనుకుని పెట్రోలు బంకు ఉంది. నేను శిష్యులకు బండి నేర్పే మైదానం పట్టాలకు అవతల ఉంది. బంకు నుంచి మైదానానికి పోవాలంటే ముందు ఊళ్ళోకి వెళ్ళి, సర్కిల్లో తిరిగి వచ్చి, ఎక్కే దారి పట్టాలి. చాలామంది అలా చేయరు. బంకులోంచి బయటపడి, దిగే దారిలోనే ఎదురు ఎక్కేస్తారు. నేనూ అలాగే పోయేవాడిని.

అక్కడ హెచ్చరిక బోర్డు లేదని ఫిర్యాదు చేయవలెనని మొదట అనుకున్నాను. కానీ బోర్డు ఉంది. పెద్ద అక్షరాలతో ఉంది. నాకు చదువు వచ్చు. ఆ బోర్డు అర్థం ఏమిటో నేను దుడ్లు తీసుకుని మరీ నేర్పిస్తాను.

3. ప్రమాదము జరిగిన విధము: పోయిన నెల ఒక ఉదయం బంకులో డీజిల్ పోయించుకుని స్కూలు కారులో బయలుదేరాను. పక్క సీటులో నిఖిత అనే అమ్మాయి ఉంది. బ్యాంకులో ఉద్యోగం, నా దగ్గర కారు నేర్చుకుంటోంది. మైదానం చేరాక స్టీరింగు ఆమె చేతికి ఇవ్వాలి. నేను ఊరి వైపు తిప్పకుండా నేరుగా బ్రిడ్జి ఎక్కించేసరికి ఆమె కంగారుపడింది.

“సార్, ఇది దిగే దారి కదా?”

“అందరూ పోతాండారు కదమ్మా. ఇట్లాంటివన్నీ లైసెన్సు వచ్చినాక నీకే తెలుస్తాయిలే” అన్నాను.

నవ్వుతూ అన్నాను అయ్యా. పిట్టగోడను ఆనుకుని ఎక్కుతున్నాను. బ్రిడ్జి నడిమి భాగం ఎత్తుగా ఉండటంచేత అవతలి నుంచి వచ్చే బండి పైకి వచ్చేదాకా కనిపించదు. మేము దాదాపు పైకి చేరాము. అంతలో ఎదురుగా ఆటో వచ్చింది. పిట్టగోడ పక్కనే, నా ముఖం మీదికే వచ్చినట్టు కనిపించింది. నేను బ్రేకు మీద కాలు వేశాను. ఆటో చటుక్కున పక్కకు తిరిగింది, మాకు తగలకుండా పోయింది, డివైడరును కొట్టుకుని బోర్లాపడింది.

దిగి పరుగెత్తాను. ఆటో కింద ఉన్నది మహేశ్వరి.

4. మహేశ్వరి ఎవరో తమరికి తెలియజేయాలి. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. మిషను ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తోందని ఆ పని మానుకుని, “సార్, ఆటో నేర్పిస్తారా?” అని నా స్కూలుకు వచ్చింది. ఆడవాళ్ళు స్కూటీ నేర్చుకోవడానికి వస్తారు, కారు నేర్చుకోవడానికి వస్తారు, ఆటో అడిగింది ఆమె ఒక్కతే. స్టాండులో మగవాళ్ళు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. ఒకప్పుడు తనతో కుట్టుపని చేసినవాళ్ళనే ఇప్పుడు తన ఆటోలో ఫ్యాక్టరీకి చేరుస్తుంది. ఆ ఉదయం కూడా వాళ్ళను దించి ఖాళీ బండితో ఊళ్ళోకి వస్తోంది. బండిలో ఆడవాళ్ళు ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలదు.

5. నేనూ నిఖితా కలిసి ఆమెను బయటికి లాగాము. కుడిచేయి మణికట్టు దగ్గర వంకరపోయి ఉంది. భుజం వాచిపోతోంది. అంబులెన్సు వచ్చేదాకా ఆగడం ఎందుకని కారు వెనక్కి తిప్పి ఆమెను ఎక్కించాను. అంతకు మించి ఏ ఉద్దేశమూ లేదని ప్రమాణం చేయగలను. అయితే తిప్పిన కారు సరైన దిశలో నిలబడింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ నేను ఆటో వెనకాల వస్తూ ప్రమాదం చూసి ఆగాననుకున్నారు. “పాపం, దేవుడిమాదిరి వచ్చినాడు మాస్టరు” అని ఎవరో అన్నారు. నేను విన్నాను. నోరు తెరవలేదు. ఆ క్షణంలో తెరిచి ఉంటే ఈ అర్జీ అవసరం ఉండేది కాదు.

6. ఆసుపత్రిలో కానిస్టేబుల్ ఓబన్న గారు వచ్చి మహేశ్వరిని అడిగారు. ఆమె “చూసుకోలేదు సార్, తప్పు నాదే” అని చెప్పింది. ఆయన రాసుకుని వెళ్ళారు. ఆయన విచారణలో లోపమేమీ లేదు. పడినావిడ అలా చెప్పింది, చూసినవాడు పక్కనే ఉండి కాదనలేదు.

ఆయన వెళ్ళాక నేను ఆమెను అడిగాను: “అట్లెందుకు చెప్తివి మహేశ్వరీ?”

ఆమె గొంతు తగ్గించింది. “మీరు ఎదురుగా వస్తాంటిరి కదా సార్. మీరు వస్తాండారంటే అది మీ దోవే అయి ఉండల్ల. కొత్త బ్రిడ్జి, నాకింకా అలవాటు కాలేదు. యాడ ఎక్కినానో ఏమో, నేనే తప్పు దోవలో వచ్చింటా. మీ పేరు చెప్తే మిమ్మల్ని స్టేషను చుట్టూ తిప్పుతారని చెప్పలేదు.”

అయ్యా, రోడ్డు మీద తన కళ్ళు చూసినదానికంటే నన్ను ఎక్కువ నమ్మింది ఆమె. నేను ఏమన్నానో తెలుసునా? “ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, పడుకో” అన్నాను.

7. ఆ తర్వాత జరిగినవి: ఆమె లైసెన్సు ఎందుకు నిలిపివేయరాదో చెప్పమని నోటీసు వచ్చింది. చేతికి కట్టు కట్టించుకుని ఆమె ధర్మవరంలో తల్లిగారింటికి వెళ్ళింది. స్టాండులో “ఆడోళ్ళ చేతికి బండి ఇస్తే ఇట్లే అయితాది” అని నలుగురూ చెప్పుకుంటుంటే ఆ పక్కనుంచే నడిచిపోయాను. ఓబన్న గారు మాత్రం నా స్కూలుకు వచ్చి చేయి పట్టుకుని, “ఏమప్పా మాస్టరూ, నీ పేరు పైకి రాసి పంపినాం. మన ఊరికి మంచి పేరు తెచ్చినావు” అన్నారు. నేను ఆయనకు కాఫీ తెప్పించాను. సన్మానం వద్దని మాత్రం అనలేకపోయాను. మా ఇంటావిడ జయలక్ష్మి సభకు ఏ చొక్కా వేసుకుంటారని అడిగితే ఆమె మీద అకారణంగా అరిచాను.

నిఖిత బండి నేర్చుకోవడానికి రావడం మానేసింది. ఆహ్వానం అందిన మరునాడు ఒకసారి వచ్చింది. నేను సంజాయిషీ చెప్పబోయాను. ఆ అమ్మాయి ఆపింది.

“ఆ రోజే పోలీసులతో చెప్పేదాన్ని సార్. మీరే చెప్తారు కదా, పెద్దవారు, మీరు చెప్తేనే బాగుంటుందని ఆగినా. ఇంకా చెప్పలేదా?”

“చెప్తానమ్మా.”

“ఎప్పుడు సార్? శాలువా కప్పినాకనా?”

నా కూతురి వయసు పిల్ల. ఆ రోజే ఈ కాగితం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక కూడా స్కూలు మూతపడితే ఏమిటి గతి అని భయపడి పక్కన పెట్టాను. నేను భయపడుతున్న ప్రతి రోజూ మహేశ్వరి తన తప్పు కాని దానికి కుమిలిపోతోందని తెలిసీ పక్కన పెట్టాను. తప్పుదారిలో పోవడం ఒక నేరమైతే, ఇది దానికంటే పెద్దదని నాకు తోస్తోంది. దీనికి తమ చట్టంలో ఏ సెక్షను ఉందో నాకు తెలియదు.

8. కావున తమరిని వేడుకొనునది ఏమనగా: నా పేరును సన్మానితుల జాబితా నుండి తొలగించవలెను. మహేశ్వరికి ఇచ్చిన నోటీసును ఉపసంహరించి ఆ నోటీసు నాకు ఇప్పించవలెను. నా లైసెన్సును ఈ అర్జీకి జతపరచియున్నాను. స్కూలు అనుమతి విషయంలో తమరు ఏ నిర్ణయం తీసుకున్నా తలవంచి ఒప్పుకొనెదను. ఆటో బాగుచేయించే భారం, ఆమె వైద్యం భారం నా మీద పెట్టవలెను. అది దయ అని కాక, జరిమానా అని రాయించవలెను. నిఖిత ఎప్పుడు పిలిచినా వచ్చి సాక్ష్యం చెప్పుటకు ఒప్పుకొన్నది. నియమాలపై ప్రసంగానికి నాకంటే తగినవారిని చూసుకొనగలరు.

పైన రాసినదంతా నిజమని నమ్మి, నా మీద కనికరం లేకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడనని ఇన్నాళ్ళూ చెప్పుకుని, కాకపోయిన,
తిమ్మరాజు
హిందూపురం

తా.క. అయ్యా, ఈ అర్జీని తమ కార్యాలయంలో ఇచ్చే ముందు మహేశ్వరికి వినిపించడం న్యాయమని బస్సెక్కి ధర్మవరం వెళ్ళాను. వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మ మగ్గం మీద పట్టుచీర నేస్తోంది. నన్ను చూసి లేచివచ్చి, “మా బిడ్డను కాపాడిన సార్ వచ్చినాడు” అని చాప వేసింది. మహేశ్వరి కట్టు కట్టిన చేతితోనే లేవబోయింది.

కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. “మహేశ్వరీ, ఆ పొద్దు నువ్వు ఉండింది నీ దోవలోనే. ఎదురు దోవలో వచ్చింది నేను.”

మహేశ్వరి లేచి నిలబడింది. “ఆసుపత్రిలో నేనే తప్పు దోవలో వచ్చింటానని మీతో చెప్తినే సార్. అప్పుడు మీకు తెలుసు కదా?”

“తెలుసు.”

ఆదిలక్ష్మమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. “ఎంత పని చేస్తివప్పా! నా బిడ్డకు నిద్ర ల్యా. నాకు బండి తోలేది రాదుమా, రాదుమా అని ఏడుస్తాండాది. ఆటో అమ్మేస్తామని ఒకాయనకు చెప్పినాం కూడా.”

నేను అర్జీ తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇద్దరూ విన్నారు. అయిపోయాక మహేశ్వరి అడిగింది:

“దీంట్లో అంతా మీ గురించే ఉండాది సార్. మీరు భయపడింది, మీరు సిగ్గుపడింది. నేను బండి ఎట్ల తోలినానో యాడా రాయలేదే?”

కాగితాలు వెనక్కి తిప్పి చూశాను. ఆటో తిరిగిందని ఉంది, ఆమె తిప్పిందని నిజంగానే ఎక్కడా లేదు.

“నేను బాగా తోలినానా లేదా? అది చెప్పండి నాకు.”

“బాగా తోలినావమ్మా. నువ్వు బెదిరి బ్రేకు తొక్కింటే నేరుగా నా కారును గుద్దుకుందువు. ఉండింది రెప్పపాటు. దాంట్లోనే తిప్పినావు.”

“అయితే అది రాయండి. స్టాండులో వాళ్ళందరికీ వినపడేట్టు రాయండి.”

క్షమించమని అడగబోయాను. “అది మళ్ళా చూద్దాం సార్” అంది. ఆటో కొంటానన్న ఆయనకు ఫోను చేసి బండి అమ్మేది లేదని చెప్పమని తల్లికి చెప్పింది.

కాబట్టి అయ్యా, అర్జీలో నేను వదిలేసిన మాట ఇక్కడ రాస్తున్నాను. మహేశ్వరి ఆ ఉదయం తన దారిలో, తగిన వేగంతో వచ్చింది. రాకూడని కారు ఎదురుగా వస్తే తప్పించి, అందులో ఉన్న ఇద్దరినీ బతికించి, తాను పడింది. నేను నేర్పినవాళ్ళలో ఇంత బాగా బండి తిప్పగలిగినవాళ్ళను చూడలేదు. ఆ చోట నేను ఉండి ఉంటే తిప్పగలిగేవాడిని కాను.

ఈ ముక్క నకలును ఆటో స్టాండులో అతికించుటకు అనుమతి ఇప్పించగలరు. అనుమతి వచ్చేదాకా నేను ఆగలేను. రేపు పొద్దున్నే స్టాండుకు పోయి, అందరూ ఉండగా, నేనే గట్టిగా చదువుతాను.